ది స్పేస్ మర్చంట్స్: కుంఫిణీ రాజ్యం మళ్ళీ వస్తే

సైన్స్ ఫిక్షన్ అంటే రాకెట్లు, గ్రహాంతరవాసులు, లేజర్ తుపాకులు, అంతే కదా అని ఆ అర జోలికే వెళ్ళని వాళ్ళు మనలో చాలామంది. అలాంటి వాళ్ళ చేతిలో ఒకే ఒక్క నవల పెట్టమంటే నేను పెట్టేది 'ది స్పేస్ మర్చంట్స్'. రాసింది ఫ్రెడరిక్ పోల్, సి.ఎం. కార్న్‌బ్లూత్ అనే ఇద్దరు అమెరికన్లు. 1952లో గెలాక్సీ అనే పత్రికలో 'గ్రేవీ ప్లానెట్' పేరుతో సీరియల్‌గా వచ్చింది, మరుసటి ఏడాది ఈ పేరుతో పుస్తకమైంది. అంటే డెబ్బై ఏళ్ళు దాటిన సరుకు. పేరులో స్పేస్ ఉంది, కథలో శుక్రగ్రహానికి వెళ్ళాల్సిన రాకెట్టూ ఉంది, కానీ ఆ రాకెట్టు దాదాపు ఆఖరిదాకా నేల మీదే నిలబడి ఉంటుంది. కథంతా దాన్ని అమ్మడం గురించే. మనిషన్నవాడు బతకలేని ఒక గ్రహానికి, మేం వెళ్తామంటే మేం వెళ్తామని జనం ఎగబడేలా చేయాలి. హీరో గారి ఉద్యోగం అది.

హీరో పేరు మిచెల్ కోర్ట్‌నీ, అందరూ మిచ్ అంటారు. న్యూయార్క్‌లో ఫౌలర్ షాకెన్ అనే పెద్ద ప్రకటనల కంపెనీలో అగ్రశ్రేణి కాపీరైటర్, అంటే ప్రకటనల్లో మాటలు రాసేవాడు. కథ మొత్తం అతనే చెబుతాడు. ఈ నవల బలమంతా ఇక్కడే ఉంది, అందుకే ముందే చెబుతున్నాను. కంపెనీల పాలన మీద వచ్చిన కథల్లో ఎక్కువ భాగం అణగారిన వాడి వైపు నుంచో, తిరగబడ్డ వాడి వైపు నుంచో మొదలవుతాయి. మనం మొదటి పేజీ నుంచే వాడి పక్షం, కంపెనీ విలన్, ఇక ఆలోచించడానికి ఏముంది. ఇక్కడ అలా కాదు. మిచ్‌కి తన లోకం నిజంగానే నచ్చింది. అమ్మకమే ధర్మం, కొనడమే పౌరుడి బాధ్యత అని మనస్ఫూర్తిగా నమ్ముతాడు. తెలివైనవాడు, హాస్యం తెలిసినవాడు, భార్య మీద ప్రేమ ఉన్నవాడు. అతను చెబుతుంటే మనకి నవ్వొస్తుంది, ఒళ్ళు జలదరిస్తుంది కూడా. అతనికి మాత్రం ఏ తేడా కనిపించదు.

మొదటి పేజీలోనే ఒక చిన్న సీను ఉంది. పొద్దున్నే ఆఫీసు మీటింగులో ఏం చెప్పాలో, ఏ లెక్కలు ఊదరగొట్టాలో, ఏవి దాటేయాలో నెమరేసుకుంటూ మిచ్ తయారవుతుంటాడు. గడ్డం ఊడగొట్టే సబ్బు మొహానికి రాసుకుని, మంచినీళ్ళ పంపులో వచ్చే సన్నటి ధారతో కడుక్కుంటాడు. ఇది దుబారా అని అతనికీ తెలుసు, కానీ నేను పన్నులు కడుతున్నాను కదా, పైగా ఉప్పునీళ్ళతో కడిగితే మొహం దురద పెడుతుంది అనుకుంటాడు. కడగడం పూర్తయ్యేలోపే ధార ఆగిపోతుంది. కాసేపు తిట్టుకుని మిగతాది ఉప్పునీళ్ళతోనే కానిస్తాడు. ఇంతే సీను. ఇతను బీదవాడు కాదు, ఆ నగరంలో బాగా సంపాదించేవాళ్ళలో ఒకడు. అతని ఇంట్లోనే మొహం కడుక్కోవడానికి మంచినీళ్ళు లేవు, అయినా లోకం బ్రహ్మాండంగా ఉందనే అతని అభిప్రాయం. ఎండాకాలం ట్యాంకర్ బుక్ చేసి గేటు వైపు చూస్తూ కూర్చునే అపార్ట్‌మెంట్ వాళ్ళకి ఇంకేం వివరించనక్కర్లేదు.

ఆ లోకం సంగతి రచయితలు ఎక్కడా ఉపన్యాసంలా చెప్పరు, మాటల మధ్యలో జారవిడుస్తారు. అమెరికా అధ్యక్షుడు ఉన్నాడు, కాకపోతే గుళ్ళో ఉత్సవ విగ్రహం లాగా ఉన్నాడు. సెనేట్‌లో రాష్ట్రాల బదులు కంపెనీలు కూర్చుంటాయి, డ్యూపాంట్ కెమికల్స్ సెనేటర్ గారని పిలుస్తారు, కంపెనీ తాహతును బట్టి ఓట్లు. పోలీసు రక్షణ కావాలంటే చందా కట్టుకోవాలి. ఒక కంపెనీ వాళ్ళు ఇంకో కంపెనీ వాళ్ళని చంపినా నేరం కాదు, కాకపోతే ముందుగా వైరం ప్రకటిస్తూ నోటీసు ఇచ్చి ఉండాలి. నోటీసు లేకుండా చంపితే మాత్రం అబ్బో, అది పద్ధతి కాదు. పెద్ద భవనాల్లో రాత్రిపూట మెట్ల మీద పడుకోవడానికి జనం అద్దె కడతారు. ఇంధనం లేదు కాబట్టి క్యాడిలాక్ కారైనా కాళ్ళతో తొక్కుకుంటూ పోవాల్సిందే. వీటిలో ఏ ఒక్కదాని దగ్గరా కథ ఆగి, చూశావా ఎంత ఘోరమో అని మనల్ని అడగదు. మిచ్ చెప్పుకుంటూ వెళ్ళిపోతాడు.

ఇక బోర్డు మీటింగు. ఈ ఒక్క అధ్యాయం కోసం పుస్తకం కొన్నా నష్టం లేదు. కంపెనీ అధిపతి షాకెన్ గారు తమ కంపెనీ సాధించిన ఘనకార్యాలు ఒక్కొక్కటే ఏకరువు పెడతాడు. కాఫియెస్ట్ అని ఒక కాఫీ లాంటి పానీయం. అందులో 3 మిల్లీగ్రాముల ఆల్కలాయిడ్ కలుపుతారు, ఆరోగ్యానికి హాని లేదట, కానీ అలవాటైతే వదలదు. పది వారాలు తాగితే ఆ మనిషి జన్మంతా వాళ్ళ ఖాతాదారే. వదిలించుకోవాలంటే వైద్యానికి కనీసం 5,000 డాలర్లు అవుతుంది, దానికన్నా రోజూ తాగడమే చవక కదా అని నవ్వుతారు. గది నిండా పెద్దమనుషులు. ఎవ్వరూ నొచ్చుకోరు. లెక్క ఎంత పొందికగా కుదిరిందో అని మురిసిపోతారు.

దానికంటే నాకు ఎక్కువ గుర్తుండిపోయింది బడి పిల్లల భోజనం ముచ్చట. బళ్ళో వేడి భోజనం పథకం ఒకటి ఉంటుంది, సోయాబర్గర్లు, మళ్ళీ తయారుచేసిన మాంసం ముక్కలు, పిల్లలు మొహం తిప్పుకునే సరుకు. అవన్నీ పోటీ కంపెనీ వాడే ఆకుపచ్చ రంగు డబ్బాల్లో వస్తాయి. చాక్లెట్లు, ఐస్‌క్రీములు, పిల్లల సిగరెట్లు (అవును, పిల్లల సిగరెట్లే) మాత్రం వీళ్ళ ఖాతాదారు కంపెనీ ఎరుపు రంగులో. ఆ పిల్లలు పెద్దయ్యాక దుకాణంలో ఏ రంగు వైపు చెయ్యి చాస్తారో చెప్పాల్సిన పని లేదు. దీన్ని రాసింది 1952లో! ఇప్పుడు మన పిల్లలకి కార్టూన్ మధ్యలో వచ్చే బిస్కెట్ యాడ్ పాట అమ్మ పేరు కన్నా ముందు వస్తుంది, ఆ పాట తయారుచేసినవాడి గదిలో ఏం మాట్లాడుకుని ఉంటారో ఈ అధ్యాయం చదివాక ఊహించుకోవడం తేలిక.

అదే ఏకరువులో మన దేశం కూడా వస్తుంది. చదువుతూ చదువుతూ ఒక్కసారి ఆగిపోతాం. ఇండియాస్ట్రీస్ అని ఒక సంస్థ. ఉపఖండం మొత్తాన్ని కలిపి ఒకే తయారీ కంపెనీగా మార్చేశాం, ఇలాంటిది చరిత్రలో ఎవరూ చేయలేదు, చేసింది మనమే అని షాకెన్ చెప్పుకుంటాడు. రెండు ముక్కల్లో చెప్పి ముందుకు వెళ్ళిపోతాడు. మనకి స్వాతంత్ర్యం వచ్చి అప్పటికి ఐదేళ్ళు. అమెరికా పాఠకుడికి అది ఒక జోకు. మనకి కాదు. మచిలీపట్నంలో ఈస్టిండియా కంపెనీ వర్తక స్థావరం పెట్టింది 1611లో, నూటయాభై ఏళ్ళ తర్వాత ఉత్తర సర్కారులు దాని చేతికొచ్చాయి, 1858 దాకా మనల్ని ఏలింది లండన్‌లో వాటాదార్లున్న ఒక కంపెనీ. సొంత సైన్యం, సొంత కోర్టులు, సొంత కలెక్టర్లు, శిస్తు మన దగ్గర, డివిడెండు అక్కడ. 1846లో ఉయ్యాలవాడ నరసింహారెడ్డి తిరగబడింది ఆ కుంఫిణీ మీదే. కాబట్టి షాకెన్ గారూ, చరిత్రలో ఎవరూ చేయలేదన్న మాట మాత్రం ఒప్పుకోలేం. ఈ నవలని భవిష్యత్తు కథ అని అమెరికా వాళ్ళు అంటారు, మచిలీపట్నం వాళ్ళు చదివితే ఇంకేదో అనొచ్చు.

రచయితల్లో పోల్‌కి ఈ రంగం లోపలి సంగతులు తెలుసు. రెండో ప్రపంచ యుద్ధంలో సైన్యంలో ఉండగా ప్రకటనల వ్యాపారం మీద ఒక నవల మొదలుపెట్టి, దాని గురించి తనకి ఏమీ తెలియదని తేలడంతో, యుద్ధం అయ్యాక వెళ్ళి ఆ రంగంలోనే ఉద్యోగంలో చేరాడు. అక్కడ కాపీ రాసిన అనుభవం ప్రతి పేజీలో కనిపిస్తుంది. కార్న్‌బ్లూత్ యుద్ధంలో పోరాడి వచ్చినవాడు, వ్యంగ్యం బాగా పదునుగా ఉండే రచయిత, 1958లో 34 ఏళ్ళకే గుండెపోటుతో పోయాడు. ఏ వాక్యం ఎవరిదో విడదీయలేం, అయితే కథలో వెటకారం నుంచి హఠాత్తుగా క్రూరత్వంలోకి జారే చోట్లు వస్తే ఇది కార్న్‌బ్లూత్ అయి ఉంటాడని నాకు అనిపిస్తుంటుంది, అది నా అనుమానం మాత్రమే.

సరే, కథలోకి. శుక్రగ్రహం ప్రాజెక్టు మిచ్ చేతికి వస్తుంది. అక్కడికి వెళ్ళి తిరిగొచ్చిన ఒకే ఒక్క మనిషి జాక్ ఓషే, పొట్టివాడు, బరువు తక్కువ కాబట్టి రాకెట్లో అతనొక్కడే పట్టాడు. అతను చెప్పే శుక్రగ్రహంలో విషపు గాలి, భరించలేని వేడి, ఇల్లు పీకి పారేసే తుపాన్లు. దీన్ని జనానికి స్వర్గంలా చూపించాలి. ఈలోగా పోటీ కంపెనీ కుట్రలు, మిచ్ మీద హత్యాప్రయత్నాలు, డాక్టరైన భార్య క్యాథీతో గొడవలు (వాళ్ళది గడువున్న ఒప్పందం పెళ్ళి, పక్కా చేసుకోవాలంటే ఆమె ఒప్పుకోవాలి, ఆమె ఒప్పుకోవడం లేదు). ఈ గొడవల మధ్యే అంటార్కిటికాలో మిచ్‌కి ఒక దెబ్బ తగిలి స్పృహ తప్పుతుంది. కళ్ళు తెరిస్తే కూలీలని మోసుకెళ్ళే ఓడలో ఉంటాడు. చేతి మీద పచ్చబొట్టుగా ఉండే సోషల్ సెక్యూరిటీ నంబరు, అంటే అతను ఎవరో చెప్పే నంబరు, మార్చేశారు. ఇప్పుడతను మిచ్ కాదు, జార్జ్ గ్రోబీ అనే కూలీ, కోస్టారికాలో క్లోరెల్లా అనే కంపెనీకి రాసిచ్చిన కాంట్రాక్టు మీద వెళ్తున్నాడు. నేను ఫలానా అని మొత్తుకుంటే వినేవాడు లేడు, అలా మొత్తుకునే కూలీలు వాళ్ళకి కొత్త కాదు.

నన్నడిగితే నవల అసలు ఇక్కడ మొదలవుతుంది. క్లోరెల్లా వాళ్ళది నాచు పెంచే పని. అంతస్తుల మీద అంతస్తులుగా తొట్లు, అద్దాలతో లోపలికి ఎండ మళ్ళిస్తారు, పైన తేలే తెట్టు తీసేవాడు మిచ్. పని ఒళ్ళు విరిచేస్తుంది, కానీ రచయితలు ఎక్కువసేపు చూపించేది పని కాదు, క్యాంటీను. ఆకలేసి క్రంచీస్ అనే చిరుతిండి కొంటాడు. అది తిన్న కాసేపటికి ఒంట్లో ఏదో తేడా చేస్తుంది, అది తగ్గాలంటే పాప్సీ అనే డ్రింకు రెండు పిచికార్లు తాగాలి. పాప్సీ తాగితే ఇంకో తేడా, అది స్టార్ సిగరెట్టు కాలిస్తేనే తగ్గుతుంది. సిగరెట్టు కాలిస్తే ఆకలి, ఆ ఆకలికి క్రంచీస్. ఇది ఎక్కడా తెగదు. ఇవన్నీ క్యాంటీన్లో అప్పు మీద ఇస్తారు, జీతంలోంచి కోస్తారు, జీతం చాలదు, చాలకపోతే కాంట్రాక్టు పొడిగింపు. తొట్టి దగ్గర ఎంతసేపు వంగి పనిచేసినా ఖాతాలో బాకీయే మిగులుతుంది.

దీనికి కొసమెరుపు ఏమిటంటే ఈ గొలుసుకట్టు తయారుచేసింది మిచ్ కంపెనీయే. మొదటి అధ్యాయం మీటింగులో షాకెన్ గర్వంగా చదివిన జాబితాలో ఈ మూడూ అమ్మే సంస్థ పేరు ఉంది, గోళాకారపు ట్రస్టు (ట్రస్టు అంటే ఇక్కడ కలిసిపోయిన వ్యాపారాల గుంపు) అని గొప్ప పేరు కూడా పెట్టుకున్నారు. ఎక్కడ మొదలుపెట్టినా తిరిగి తిరిగి అక్కడికే వచ్చే వ్యాపారం కాబట్టి గోళం. అప్పుడు మిచ్ అందరితో పాటు చప్పట్లు కొట్టాడు. ఇప్పుడు గోళం లోపల కూర్చుని సిగరెట్టు వెలిగించుకుంటూ, దీన్ని రూపొందించినప్పుడు షాకెన్ ఇదంతా ఆలోచించే చేశాడా అనుకుంటాడు. మామూలు రచయితైతే ఈ చోట హీరోకి జ్ఞానోదయం చేయించేసేవాడు. వీళ్ళు చేయించరు. మిచ్ అప్పటికీ పాత మిచ్చే, ఇక్కడి నుంచి బయటపడి తన పాత కుర్చీలో ఎలా కూర్చోవాలా అన్నదొక్కటే అతని ఆలోచన. అది నాకు చాలా నిజాయతీగా అనిపించింది.

మలయా తోటలకి కంగాణీలు, అంటే కూలీలని పోగుచేసే మేస్త్రీలు, అడ్వాన్సు చేతిలో పెట్టి తీసుకెళ్ళిన మనవాళ్ళ సంగతులు విన్నవాళ్ళకి క్లోరెల్లా ఖాతా పుస్తకం కొత్తగా అనిపించదు. అంత వెనక్కి కూడా వెళ్ళక్కర్లేదు. మా పిన్ని కొడుకు ఒక డెలివరీ యాప్‌లో చేరాడు. బ్యాగుకి, టీషర్టుకి కోత, బండికి ఈఎంఐ, రోజుకి ఇన్ని ఆర్డర్లు చేస్తేనే ఇన్సెంటివ్. సరిగ్గా ఇంకో రెండు ఆర్డర్లు మిగిలాయనగా ఫోన్ మోగడం మానేస్తుందని వాడి ఫిర్యాదు. నిజమో, అలిసిపోయిన వాడి అనుమానమో నేను తేల్చలేను. క్రంచీస్ అధ్యాయం వాడికి కథలా చెబితే, "అన్నా, వాళ్ళకి కనీసం సిగరెట్టు అప్పు మీద ఇస్తున్నారు కదా" అన్నాడు.

క్లోరెల్లా భాగంలోనే చికెన్ లిటిల్ వస్తుంది. ఇది కోడి కాదు, ఒకప్పుడు కోడి గుండె ముక్క. నాచు రసం పోస్తూ పెంచితే పెరిగి పెరిగి గది నిండా గోపురమంత మాంసపు ముద్ద అయింది. బూడిద, గోధుమ కలిసిన రంగు, రబ్బరులా అదురుతూ ఉంటుంది. హెరేరా అనే పనివాడు పొడవాటి కత్తి పట్టుకుని దాని చుట్టూ తిరుగుతూ, పెరిగిన చోటల్లా చెక్కుతూ ఉంటాడు. చెక్కినదంతా ప్యాక్ అయి దేశాల మీదికి వెళ్తుంది. ఒక్క ముద్ద, ఎప్పటికీ చావదు, తల లేదు, కళ్ళు లేవు. ఇప్పుడు ల్యాబ్‌లో పెంచిన చికెన్ కొన్ని దేశాల్లో అమ్మకానికి కూడా వచ్చింది, వార్తల్లో చదివే ఉంటారు. ఆ వార్త ఎప్పుడు కనబడినా నాకు హెరేరా కత్తే గుర్తొస్తుంది. చికెన్ లిటిల్‌కి కథలో ఇంకో ఉపయోగం కూడా ఉంది, అది చెప్పను, అదే పుస్తకంలో నాకు బాగా నచ్చిన మలుపు.

ఇంకా కన్సీలు అనే వాళ్ళున్నారు, భూమిని కాపాడుకోవాలి, వనరులు మిగుల్చుకోవాలి అనే రహస్య సంఘం. నిషేధించబడినవాళ్ళు, పంపులో నీళ్ళు ఆగినా వాళ్ళ మీదే నెపం. మిచ్‌కి వాళ్ళంటే అసహ్యం. కానీ తప్పించుకోవడానికి వాళ్ళలో చేరక తప్పదు. చేరగానే వాళ్ళ కరపత్రం ఒకటి చేతిలో పడుతుంది. అది చదివి అతనికి కోపం వస్తుంది, దేశద్రోహం అని కాదు, ఇంత చెత్తగా రాస్తారా అని! ఎవరిని ఉద్దేశించి రాశారో తెలియదు, పాఠకుడి భయాలని వాడుకోలేదు, అన్నీ అంకెలే. ఇక చేతులు ఊరుకోక తిరగరాసి ఇస్తాడు, అది పనిచేస్తుంది, సంఘంలో అతని పరపతి పెరుగుతుంది. నమ్మని ఆశయానికి బ్రహ్మాండమైన ప్రచారం. మన దగ్గర ఎన్నికలప్పుడు ఒకే మనిషి మొన్న ఆ పార్టీకి, ఇవాళ ఈ పార్టీకి నినాదాలు రాసివ్వడం చూస్తూనే ఉన్నాం, మిచ్ వాళ్ళందరికీ పెద్దన్న.

ఇప్పుడు లోపాలు, ఉన్నాయి, తక్కువేమీ కాదు. సగం దాటాక కథ పరుగు అందుకుంటుంది, ఆ పరుగులో నమ్మశక్యం కాని యాదృచ్ఛికాలు ఎక్కువ. ఎవరు ఎవరి మనిషో ఐదారు పేజీలకోసారి మారిపోతుంటారు, చంద్రుడి మీదికి వెళ్ళినా అక్కడా తెలిసినవాళ్ళే ఎదురవుతారు. సీరియల్‌గా రాసిన ఆనవాళ్ళు అవి, ప్రతి భాగం చివర ఏదో ఒకటి పేలాలి కదా. పోటీ కంపెనీ వాళ్ళు హెడీ అనే ఆమెతో మిచ్‌ని చిత్రహింస పెట్టించే అధ్యాయం చవకబారుగా ఉంది, అది తీసేసినా కథకి లోటు రాదు. క్యాథీ పాత్ర ఇంకా బాధ, పుస్తకంలో అందరికన్నా తెలివైన మనిషి ఆమే అని అర్థమవుతూనే ఉంటుంది, అయినా ఆమెని మనం మిచ్ కళ్ళతోనే, అందులోనూ అతని అలక లోంచే చూడాలి. హెస్టర్ అని సెక్రటరీ ఉంది, ఆమెకి జరిగింది చదివాక రచయితల మీద కోపం వచ్చింది. ఓషే పొట్టితనం మీద జోకులు ఇవాళ రుచించవు. సైన్సు సంగతి అడగొద్దు, ఇవాళ్టి లాంటి కంప్యూటర్ల ఊసే లేదు, శుక్రగ్రహం లెక్కా తప్పే, అక్కడ నేల మీద వేడి 460 డిగ్రీలు దాటుతుందని ఆ తర్వాతి దశాబ్దాల్లో వెళ్ళిన వ్యోమనౌకలు తేల్చాయి. ఆ తప్పు నాకు అడ్డు రాలేదు. బతకలేని చోటుని బతుకుదెరువుగా అమ్మే కథ కాబట్టి గాలి ఏ విషంతో నిండితే ఏం.

ముగింపు గురించి పాఠకులు రెండు రకాలు. కొందరికి అది తేలిపోయినట్టు అనిపిస్తుంది. నాకు ఫరవాలేదు అనిపించింది కానీ, మొదటి సగంలో ఉన్న కాటు అక్కడ లేదన్నది నిజం. ఇన్ని చెప్పినా చదవమనే అంటాను, ఎందుకంటే ప్లాటు మర్చిపోయినా కాఫియెస్ట్ లెక్క, క్రంచీస్ గొలుసు, పిల్లల ఎరుపు డబ్బాలు బుర్రలోంచి పోవు. 1960లోనే ఇంగ్లిష్ రచయిత కింగ్స్‌లీ ఏమిస్ సైన్స్ ఫిక్షన్ మీద రాసిన పుస్తకంలో దీన్ని అప్పటిదాకా వచ్చిన వాటిలో అత్యుత్తమం అనదగ్గ నవలల్లో పెట్టాడు. అంత దూరం నేను వెళ్ళను. ఐదు స్టార్లలో నాలుగు ఇస్తాను, క్లోరెల్లా అధ్యాయాలకి విడిగా ఇమ్మంటే ఐదూ ఇచ్చేస్తాను.

ఇంగ్లిష్ కష్టమా అని అడిగేవాళ్ళకి: వాక్యాలు చిన్నవి, తేలిక. మొదటి ఇరవై ముప్ఫై పేజీల్లో కల్పిత బ్రాండ్ల పేర్లు మీద పడతాయి, ఎవరు ఏ కంపెనీయో తికమక అవుతుంది, అక్కడ ఆగిపోవద్దు, మీటింగు అధ్యాయం దాటితే దారిలో పడతారు. రెండొందల పేజీల లోపు పుస్తకం, ఒక వారాంతం చాలు. ఇంటర్ చదివే పిల్లలకి ఇవ్వొచ్చా అంటే హెడీ అధ్యాయం ఒక్కటి చూసుకుని ఇవ్వండి. గొలాంజ్ వాళ్ళ ఎస్.ఎఫ్. మాస్టర్‌వర్క్స్ వరసలో వచ్చిన ప్రతి బాగుంటుంది. 2011లో పోల్ కొన్ని వివరాలు ఈ కాలానికి తగ్గట్టు సర్ది మళ్ళీ వేయించాడు, నా ఓటు పాత పాఠానికే, ఎందుకంటే 1950ల వాసన ఉంటేనే అందులో పోలికలు మనంతట మనం పట్టుకునే సరదా ఉంటుంది. హైదరాబాద్‌లో ఉన్నవాళ్ళు ఆదివారం ఆబిడ్స్ పేవ్‌మెంట్ మీద పాత సైన్స్ ఫిక్షన్ గుట్టలు తిరగేస్తే ఇలాంటివి తగులుతుంటాయి, బేరమాడండి. 1984లో పోల్ ఒక్కడే దీనికి 'ది మర్చంట్స్ వార్' అని కొనసాగింపు రాశాడు. అది తప్పనిసరేం కాదు.

ఇది నచ్చి ఇంకోటి కావాలంటే చాలామంది నీల్ స్టీఫెన్‌సన్ 'స్నో క్రాష్' చెబుతారు, 1992 నాటిది, మాఫియా పిజ్జా డెలివరీ నడిపే లోకం, సరదాగా ఉంటుంది కానీ నడిమి భాగంలో సుమేరియన్లనే ప్రాచీన జనం గురించిన పాఠం ఎక్కువైంది. నేను మాత్రం లావణ్య లక్ష్మీనారాయణ్ రాసిన 'ది టెన్ పర్సెంట్ థీఫ్' చెబుతాను. మన దేశంలో 2020లో 'అనలాగ్/వర్చువల్' పేరుతో వచ్చింది, 2023లో బయటి దేశాల్లో ఈ పేరుతో వేశారు, మరుసటి ఏడాది సైన్స్ ఫిక్షన్ నవలలకిచ్చే ఆర్థర్ సి. క్లార్క్ అవార్డు తుది జాబితాలోకి వెళ్ళింది. ఒకప్పటి బెంగళూరు అందులో ఏపెక్స్ సిటీ అవుతుంది, ఊరిని బెల్ కార్పొరేషన్ నడుపుతుంది, ఆఫీసుల్లో అప్రైజల్‌కి వాడే బెల్ కర్వ్‌తోనే (పైన ఇంతమంది, కింద ఇంతమంది అని ముందే వాటాలు వేసే పద్ధతి) మనుషులని పైన ఉంచాలో, ఊరి బయటికి తోసేయాలో తేలుస్తారు. బెంగళూరులో, హైటెక్ సిటీలో పనిచేసే మనవాళ్ళు రేటింగుల సీజన్లో చదవకపోవడమే మంచిది, నిద్ర పట్టదు. విడివిడి కథలుగా నడుస్తుంది కాబట్టి ఒకే హీరో వెంట వెళ్ళే సౌకర్యం ఉండదు. రెండూ చదివే ఉద్దేశం ఉంటే ముందు 'ది స్పేస్ మర్చంట్స్' కానివ్వండి, కొత్తది ముందు చదివితే పాతదాంట్లో టైప్‌రైటర్ కాలపు మాటలు మరీ పాతగా వినిపిస్తాయి.